సెర్బియన్ స్వరం, థామస్ చెవి

ఈ మధ్య పిస్కాటవే నుంచి ఒక తెలుగమ్మాయి ఫోన్ చేసింది. లింగ్విస్టిక్స్ చదువుతోందట, సెర్బియన్ మీద పరిశోధన చేయాలనుకుంటోందట. "ఆంటీ, ఆ ఫీల్డ్‌లో లైఫ్ ఎలా ఉంటుంది?" అని అడిగింది. గంటసేపు మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో, ఏ యూనివర్సిటీకి అప్లై చేయాలో చెప్పాను గాని అసలు సంగతి ఒక్కటీ చెప్పలేదని తేలింది. అది ఇక్కడ రాస్తున్నాను.

ముప్పై రెండేళ్లు ఈ పని చేశాను. అందులో ఎక్కువ భాగం ఒక మనిషి మీద అసూయతో చేశాను.

ఎక్కే స్వరం, దిగే స్వరం

గుంటూరు నుంచి అమెరికాకి పై చదువుకి వచ్చినప్పుడు తెలుగు మీదే పనిచేద్దామనుకున్నాను. మా ప్రొఫెసర్ రద్మిలా ఒప్పుకోలేదు. ఆవిడ సెర్బియాలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చిన మనిషి. "నీ భాష నీకు తెలుసు. తెలియని భాష మీద పనిచేస్తేనే భాష అంటే ఏమిటో తెలుస్తుంది" అని నన్ను తన సెర్బియన్ క్లాసులో కూర్చోబెట్టింది.

మొదటి నెలంతా నేనే రాణిని. సెర్బియన్ రాత మన రాతలాంటిదే, ఏ అక్షరం ఉంటే ఆ ధ్వని పలుకుతుంది. రెండు లిపుల్లో రాస్తారు, రెండూ వారంలో వచ్చేశాయి. నామవాచకాలకి ఏడు విభక్తులు. బళ్లో డు ము వు లు బట్టీపట్టిన నాకు అదేం కష్టం కాదు. అచ్చుల్లో పొడుగు, పొట్టి తేడా ఉంది. 'లుక్' అంటే ఉల్లిపాయ, 'లూక్' అంటే విల్లు. క్లాసులో అమెరికన్ పిల్లలు ఉల్లిపాయలతో బాణాలు వేస్తుంటే నేను నవ్వుకునేదాన్ని.

తర్వాత రద్మిలా స్వరాలు మొదలుపెట్టింది. సెర్బియన్‌లో మాట పలికేటప్పుడు గొంతు ఎక్కుతుందా దిగుతుందా అన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. 'సెల' అనే మాటలో స్వరం ఎక్కితే 'పల్లె యొక్క', దిగితే 'పల్లెలు'. ఆవిడ ఒక్కో మాటా చెప్పి, ఎక్కిందో దిగిందో కాగితం మీద రాయమంది. నాకు రెండూ ఒకటే. కళ్లు మూసుకుని విన్నా ఒకటే. నా కాగితంలో సగం తప్పులు. ఏమీ వినకుండా రాసినా అన్నే వచ్చేవి.

ఒక్కటి కూడా తప్పు లేని కాగితం థామస్‌ది. నెబ్రాస్కాలో మొక్కజొన్న పండించే కుటుంబం అతనిది. వాళ్ల వంశంలో సెర్బియన్ మాట విన్నవాళ్లు ఎవరూ లేరు. సంగీతం నేర్చుకున్నవాడూ కాదు. కానీ రద్మిలా నోరు తెరిస్తే చాలు, అతనికి వినిపించేది.

"ఎలా తెలుస్తోంది నీకు?" అని అడిగాను.

"తెలియకపోవడం ఎలాగో నాకు తెలియడం లేదు" అన్నాడు. గొప్పకి అనలేదు. గొప్పకి అని ఉంటే నాకు సులువుగా ఉండేది.

నేను యంత్రం పట్టుకున్నాను. గొంతు ఎత్తుపల్లాలను గీతగా గీసి చూపించే యంత్రం అది. ప్రతి మాటా రికార్డ్ చేసి, గీత చూసి, కొలిచి రాసేదాన్ని. థామస్ ఒక్క క్షణంలో చెప్పేది నాకు ఇరవై నిమిషాలు పట్టేది. రద్మిలా ఒకరోజు క్లాసులో అంది: "థామస్ వింటాడు. సుభద్ర కొలుస్తుంది. శాస్త్రానికి ఇద్దరూ కావాలి." అందులో మొదటి వాక్యమే నాకు గుర్తుండిపోయింది.

అరోరాలో దెసాంకా వంటిల్లు

చదువయ్యాక థామస్, నేను ఇద్దరం అదే డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగాల్లో చేరాం. మా ఆయన మురళి ఒక ఫార్మా కంపెనీలో పనిచేసేవారు కాబట్టి మేం షికాగో దగ్గర అరోరాలో ఇల్లు తీసుకున్నాం. గుళ్లో కలిసినవాళ్లు ఏం చేస్తారని అడిగితే సెర్బియన్ చెబుతానని అనేదాన్ని. "సైబీరియా భాషా అండీ?" అని అడిగేవారు. కాదని చెప్పడం కొన్నాళ్లకి మానేశాను.

దెసాంకా నాకు కూరగాయల కొట్లో దొరికింది. డెబ్బై దాటిన మనిషి, నల్ల స్కార్ఫ్. ఎర్ర క్యాప్సికమ్‌లు నొక్కి చూస్తూ, ఇవేం మిరపకాయలని సెర్బియన్‌లో తనలో తానే తిట్టుకుంటోంది. "మొన్న వచ్చినవి బాగున్నాయమ్మా" అన్నాను ఆ భాషలోనే. చీర కట్టుకున్న మనిషి నోట ఆ మాట విని ఆమె చేతిలో కాయ జారవిడిచింది. ఆ సాయంత్రమే వాళ్లింటికి తీసుకెళ్లింది. కొడుకు, కోడలు పనికి వెళతారు, మిలేనా అనే మనవరాలు బడికి వెళుతుంది, పగలంతా ఆమె ఒక్కతే.

దెసాంకాది సెర్బియాలో మొరావా నది దగ్గర పల్లె. అక్కడి యాసలో ఎక్కే స్వరమే లేదు, దిగే స్వరం ఒక్కటే. నీళ్లని 'వొద' అంటారు. బెల్‌గ్రేడ్ వాళ్లు ఆ మాటలో స్వరాన్ని ఎక్కిస్తారు. దెసాంకా చివరి అక్షరం మీద దించుతుంది. ఇలాంటి పాత పలుకు అమెరికాలో నా ఇంటి పక్కన దొరకడం నా అదృష్టం. రెండు వేసవులు ఆమె మాటలు రికార్డ్ చేశాను. నన్ను ఊరికే కూర్చోనిచ్చేది కాదు. మిరపకాయలు కాల్చి తొక్క తీయమనేది, సరిగ్గా తీయకపోతే "ఏంటి బ్రే, కళ్లు లేవా?" అనేది. 'బ్రే' అంటే మన 'ఒసే' లాంటిది.

మూడో ఏడు థామస్ అడిగాడు, తనూ వచ్చి విని, రికార్డ్ చేసుకోవచ్చా అని. కాదనడానికి కారణం దొరకలేదు.

అతను వచ్చినరోజు దెసాంకా కొత్త టేబుల్ క్లాత్ పరిచింది. వాళ్లలో పెద్ద అతిథి వస్తే పళ్లెంలో గ్లాసెడు నీళ్లు, ఒక చెంచా పండ్ల మురబ్బా పెట్టి ఇస్తారు. అది థామస్‌కి పెట్టింది. 'గొస్పొదినె' అంది, అంటే అయ్యగారూ అని. నాకు కత్తిపీట... అదే, వాళ్ల కత్తీ చెక్కా చూపించి ఉల్లిపాయలు తరగమంది. రెండేళ్లలో నాకు ఒక్కసారి కూడా ఆ చెంచా పెట్టలేదు. నా రంగు చూసా, ఆడదాన్నని చూసా అని ఇంటికి వస్తూ లెక్కలు వేసుకున్నాను. చెవి అతనిదే, ఇప్పుడు మర్యాద కూడా అతనిదే.

రెండు మాటల ఈమెయిల్

రెండేళ్లకి థామస్ పుస్తకం రాశాడు. దెసాంకా నోట చివరి అక్షరం మీద కొత్తగా ఎక్కే స్వరం పుడుతోందని, అది లేని యాసలో, అమెరికా గడ్డ మీద, ఒక ముసలామె నోట ఎలా పుట్టిందో తాను విన్నానని అందులో వాదన. నిజమైతే చాలా పెద్ద సంగతి. స్వరాలు పోవడం అందరూ చూశారు గాని, పుట్టడం ఎవరు చూశారు? రాతప్రతి, రికార్డింగ్‌లు నా టేబుల్ మీద పెట్టి, "నీ కొలతలు చూడకుండా బయటికి పంపను" అన్నాడు.

మూడు వారాలు కొలిచాను. అతని చెవి అబద్ధం చెప్పలేదు. 'వొద' అన్నప్పుడు దెసాంకా గొంతు నిజంగానే చివర ఎక్కుతోంది. అప్పుడు నా రికార్డింగ్‌లు తీశాను. అదే మనిషి, అదే మాట. దిగుతోంది.

ఏమిటో అర్థం కాక అతని టేపులు మళ్లీ మళ్లీ పెట్టాను. ఆరోసారో ఏడోసారో మాటని వదిలేసి, మాట తర్వాత ఏముందో విన్నాను. 'వొద' తర్వాత చిన్న ఆగడం. వెంటనే థామస్ గొంతు, "దా, దా" అని. 'దా' అంటే అవును. ఆమె చెప్పడం లేదు, అడుగుతోంది. మన ఇంటికి పరాయి దేశం మనిషి వస్తే మనం కూడా "ఇది చారు?" అని కొసలో గొంతు ఎత్తుతాం కదా, అర్థమైందా నాయనా అన్నట్టు. అదీ సంగతి. కొత్త స్వరం ఏదీ పుట్టలేదు. ఒక పెద్దామె, అమెరికన్ అబ్బాయికి తన మాట తెలుస్తోందో లేదోనని ఆరాటపడింది. ఎక్కిందీ దిగిందీ వినే చెవికి ఆ ఆరాటం వినిపించలేదు.

నాకు కలిగిన ఆనందం పరిశోధకురాలి ఆనందం కాదు. దాని వెనకే ఇంకో బాధ వచ్చింది. అతని కోసం ఆమె అంత ఆరాటపడిందే, నాకు అర్థమైందా అని ఒక్కసారైనా గొంతు ఎత్తిందా?

మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర మురళి అడిగారు. "ఏమైంది, రెండ్రోజుల్నుంచి అదోలా ఉన్నావ్?"

"థామస్ బుక్‌లో మిస్టేక్ ఉందండీ."

"మైనరా, మేజరా?"

"బుక్ అంతా దాని మీదే నడుస్తోంది."

"మరింకేం, ఇవాళే కాల్ చేసి చెప్పెయ్. మా ప్లాంట్‌లో బ్యాచ్ తప్పని తెలిసి సైన్ చేస్తే జైల్లో పెడతారు."

"ఇవి మందులు కాదు కదా, ఎవరూ చచ్చిపోరు."

"సైన్ సైనే కదా" అని ఆయన టిఫిన్ బాక్స్ తీసుకుని వెళ్లిపోయారు.

ఆఫీసుకి వెళ్లి ఈమెయిల్ రాశాను. 'చూశాను. బాగుంది.' అంతే రాశాను. అబద్ధం చెప్పానని అప్పుడు అనుకోలేదు. తప్పు పట్టుకోవడం అతని బాధ్యత, అంత గొప్ప చెవి ఉంది కదా అనుకున్నాను.

బెల్‌గ్రేడ్ అమ్మాయి ప్రశ్న

పుస్తకం వచ్చింది. ముందుమాటలో, ప్రతి రికార్డింగునీ సరిచూసిన సుభద్రకి కృతజ్ఞతలని రాశాడు. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్న ప్రతిసారీ నాకు రెండు రకాలుగా ఉండేది: కుళ్లుగా, దాని అడుగున చల్లగా.

ఏడాది తర్వాత షికాగోలో ఒక సభ జరిగింది. థామస్ మాట్లాడాడు. చివర్లో బెల్‌గ్రేడ్ నుంచి వచ్చిన చిన్న వయసు పరిశోధకురాలు లేచి నిలబడింది. థామస్ తన రికార్డింగులన్నీ ఎవరైనా వినేలా అందుబాటులో పెట్టాడు. ఆ అమ్మాయి ఒక ముక్క తన కంప్యూటర్‌లో వినిపించి, చాలా మర్యాదగా అడిగింది: "ప్రొఫెసర్, ఈవిడ మీకు మాట చెబుతోందా, మీకు అర్థమైందా అని అడుగుతోందా?"

థామస్ తల పక్కకి వంచాడు. మళ్లీ వినిపించమన్నాడు. ఒక్కసారి చాలింది. అతని ముఖంలో అది వినబడిన క్షణం నేను చూశాను.

"అడుగుతోంది" అన్నాడు. "మీరు చెప్పింది నిజం. పుస్తకం తప్పు."

అధ్యక్షుడు అడిగాడు: "రికార్డింగులు ఇంకెవరైనా సరిచూశారా?"

నేను మూడో వరసలో ఉన్నాను. థామస్ నా వైపు చూడలేదు. "వినాల్సింది నేను. తప్పు నాది" అన్నాడు. ముందుమాటలు ఎవరూ చదవరు, నా పేరు ఎవరికీ గుర్తు రాలేదు.

అప్పుడు ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. నేను కొలిచి, పట్టుకుని, దాచి ఇంత చేస్తే, అతను తప్పు ఒప్పుకుని కూడా చప్పట్లు కొట్టించుకున్నాడు. నా పక్కన కూర్చున్నావిడ కళ్లు తుడుచుకుంది. నాకు ఒళ్లు మండింది.

నా పేరున్న వ్యాసం

ఆ తర్వాత ఏడాది నేను ఒక వ్యాసం రాశాను. అతని టేపులు, నా టేపులు పక్కపక్కన పెట్టి, పరాయివాళ్లతో మాట్లాడేటప్పుడు మనిషి గొంతు ఎలా మారుతుందో, దాన్ని భాష అనుకుని పరిశోధకులు ఎలా పొరబడతారో చూపించాను. నేను రాసినవాటిలో నలుగురికీ తెలిసింది అదే. ఇప్పటికీ క్లాసుల్లో చదివిస్తున్నారు. కొలతల్లో ఒక్క తప్పు లేదు. లేనిదల్లా ఒక్క వాక్యం, పుస్తకం అచ్చవకముందే నాకు ఇది తెలుసన్న వాక్యం.

థామస్ మళ్లీ స్వరాల మీద రాయలేదు. మొదటి ఏడాది పిల్లలకి సెర్బియన్ చెప్పడంలో పడిపోయాడు. చాలా బాగా చెప్పేవాడు. అది కూడా నాకు కంటగింపే. మా గదులు పక్కపక్కనే. వారానికి రెండుసార్లు కలిసి కాఫీ తాగేవాళ్లం. ఆ సంగతి నేనూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకి ఇక్కడే రెండు ముక్కలు చెబుతాను. ఒక మనిషి మాట రికార్డ్ చేశాక, ఏం చెప్పారన్నదానికంటే ముందు ఎవరితో చెప్పారని అడగండి. ఇక మీ పక్క గదిలోవాళ్ల మీద అసూయ తప్పకుండా వస్తుంది. ఈ రంగంలో ఉన్నదే గుప్పెడు మంది, పోల్చుకోవడానికి ఇంకెవరూ ఉండరు. అది ఉన్నదని ఒప్పుకోండి. ఒప్పుకున్నరోజు, వాళ్ల పని సరిచూడడం నా వల్ల కాదని చెప్పి రాతప్రతి వెనక్కి ఇచ్చేయండి. నేను చేయాల్సిన పని అది.

మిలేనా విన్నది

దెసాంకా తొంభై దాటి బతికింది. ఆమె పోయిన ఏడాదికి, చర్చిలో సంవత్సరీకం పెట్టుకున్నామని మిలేనా ఫోన్ చేసింది. ఇప్పుడు తను నర్సు. "బామ్మ వాయిస్ మీ దగ్గర ఉంది కదా, తీసుకొస్తారా?" అని అడిగింది. థామస్‌ని కూడా పిలిచింది. ఇద్దరం రిటైరయ్యాం. అతన్ని నా కార్‌లో తీసుకెళ్లాను. ఇప్పుడతనికి రెండు చెవులకీ మిషన్లు. వినికిడి తగ్గిందని మొదట చెప్పినప్పుడు నాకు నిజంగా బాధేసింది. బాధతోపాటు ఇంకొకటి కూడా కలిగింది. దాని పేరు ఈపాటికి మీకు తెలుసు.

చర్చి పక్క హాల్లో భోజనాలయ్యాక మొదట థామస్ టేపు పెట్టాను. అందరూ చిరునవ్వుతో విన్నారు. తర్వాత నాది పెట్టాను. మిరపకాయలు చిటపటలాడుతున్నాయి, మధ్యలో దెసాంకా నన్ను తిడుతోంది. మిలేనా నవ్వడం మొదలుపెట్టి ఏడ్చేసింది.

"ఇదీ మా బామ్మ" అంది. "ముందుది గెస్ట్‌లతో మాట్లాడే బామ్మ. డాక్టర్ దగ్గర, బ్యాంక్‌లో అలా మాట్లాడేది, మాకు నవ్వొచ్చేది. మీతో మాత్రం మా అమ్మతో, నాతో మాట్లాడినట్టే మాట్లాడింది. మీకా సంగతి తెలీదా?"

"తెలీదు" అన్నాను.

వ్యాసంలో థామస్ టేపుల్లోని మాటకి 'పరాయివాళ్లతో మాట' అని పేరు పెట్టాను. నా టేపుల్లోదానికి 'మామూలు మాట' అని రాసి ఊరుకున్నాను. ఎవరితో చెప్పారని అడగమని లోకానికి నేర్పినదాన్ని, నా టేపుని ఒక్కసారి కూడా ఆ ప్రశ్న అడగలేదు.

తిరిగి వస్తున్నప్పుడు దారిలో అన్నాను: "థామస్, నీ పుస్తకం ప్రెస్‌కి వెళ్లకముందే నాకు తెలుసు."

అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. వినబడలేదేమోనని ఒక పార్కింగ్ లాట్‌లో కార్ ఆపి మళ్లీ చెప్పాను.

"మొదటిసారే వినిపించింది" అన్నాడు. "నాకూ తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఆ అమ్మాయి ప్రశ్న అడిగినరోజు నుంచి. అప్పుడు నీ ఈమెయిల్ గుర్తొచ్చింది. నా మూడు పేజీల వ్యాసానికి నువ్వు ఐదు పేజీల తప్పులు రాసేదానివి. ఆ పుస్తకానికి రెండు మాటలు రాశావు."

"అడగాల్సింది."

"అడిగితే నువ్వు నిజం చెప్పేదానివి. ఆ తర్వాత పక్కపక్క గదుల్లో ఎలా ఉంటాం? ఓ నాలుగేళ్లు నీ మీద చాలా కోపంగా ఉన్నాను, సుభద్రా. నువ్వది కనిపెట్టలేదు."

నిజమే. నేను కనిపెట్టలేదు.

ఆ మాట విన్నాక నాకు మొదట కలిగింది సిగ్గు కాదు. ఇంత తెలిసీ ఇన్నేళ్లు నాతో కాఫీ తాగగలిగిన మనిషి మీద అసూయ. సిగ్గు ఆ తర్వాత, అతన్ని ఇంటి దగ్గర దింపి ఒక్కదాన్నీ డ్రైవ్ చేసుకుంటూ వస్తుంటే మొదలైంది.

నా వ్యాసం వేసిన పత్రికకి ఉత్తరం రాశాను. అందులో ఉండాల్సిన వాక్యం, అది ఎందుకు లేదో చెప్పే ఇంకో నాలుగు వాక్యాలు పంపాను. వేశారు. వచ్చిన రోజే థామస్ ఫోన్ చేశాడు. ఆ ఉత్తరంలో దెసాంకా ఊరి పేరులో ఒక అక్షరం తప్పు రాశానని చెప్పాడు. తీసి చూశాను. తప్పే.